పద్యం పాడే గొంతుకు పని హక్కులు

స్త్రీల శ్రమ గురించి మనం చాలా ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. పొలంలో, ఇంట్లో, బీడీల దగ్గర, రొయ్యల షెడ్డులో, అంగన్‌వాడీలో స్త్రీలు చేసే పనిని పనిగా లెక్కించమని అడిగాం, కొన్నిచోట్ల సాధించుకున్నాం కూడా. అయితే రాత్రి తొమ్మిదింటికి ముఖానికి రంగు వేసుకుని, తెల్లవారుజాము దాకా పద్యాలు పాడి, మొదటి బస్సు కోసం రోడ్డు పక్కన సంచి పెట్టుకుని కూచునే స్త్రీ మాత్రం మన జాబితాల్లోకి ఇంకా రాలేదు. సభల్లో ఆమెను కళాకారిణి అంటారు. ఊళ్ళో అయితే డ్రామా ఆమె అంటారు. మొదటి మాటలో శాలువా ఉంది, రెండో మాటలో చిన్నచూపు ఉంది. ఆమె పనిచేసి బతుకుతున్న మనిషి అన్న సంగతి మాత్రం రెండింట్లోనూ లేదు. ఈ సంచికలో నేను చర్చకు పెట్టదలచుకున్నది ఆ సంగతే.

నెల్లూరు సముద్రతీరం వెంబడి మైపాడు, రామతీర్థం, తుమ్మలపెంట వంటి ఊళ్ళలోనూ చుట్టుపక్కల కుప్పాల్లోనూ తిరునాళ్ళంటే రాత్రికి నాటకం ఉండాలన్నది పాత అలవాటు. 'సత్య హరిశ్చంద్ర', తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, 'చింతామణి', 'సతీ సావిత్రి' - ఇవే మళ్ళీ మళ్ళీ ఆడేవి. ఊరి పెద్దలు చందాలు పోగుచేసి కాంట్రాక్టరుకు బయానా ఇస్తారు. అతను ఒక ఊరి నుంచి హరిశ్చంద్రుణ్ణి, ఇంకో ఊరి నుంచి చంద్రమతిని, మరో ఊరి నుంచి హార్మోనిస్టును పిలిపిస్తాడు. వీళ్ళంతా ఒకే సమాజం వాళ్ళు కారు, కలిసి రిహార్సల్సు చేసినవాళ్ళూ కారు. అందరికీ అన్ని పద్యాలూ నోటికి వచ్చు కాబట్టి నాటకం నడిచిపోతుంది. ఒకే నాటకంలో ఇద్దరు హరిశ్చంద్రులు, ముగ్గురు కృష్ణులు ఉండటం జనానికి ఆకర్షణ. ఒకరు వారణాసి దాకా చేస్తే మరొకరు కాటి సీను చేస్తారు. స్త్రీలు మాత్రం ఒకరో ఇద్దరో ఉంటారు. చాలాచోట్ల చంద్రమతి ఒక్కతే ఆ ఇద్దరు హరిశ్చంద్రుల పక్కనా రాత్రంతా నిలబడుతుంది.

ఈ ఏర్పాటులో లిఖితపూర్వకమైన ఒప్పందం అంటూ ఉండదు. ఫోనులో కుదిరిన మాటే ఒప్పందం. గాలివాన వచ్చి నాటకం ఆగిపోతే ఆ నష్టం ఎవరిదో ముందే తేల్చిన దాఖలా ఉండదు, చివరికి అది కళాకారిణి మీదే పడుతుంది. నేను కలిసిన స్త్రీలలో చాలామంది బస్సు చార్జీలు కూడా చేతి నుంచి పెట్టుకుని తిరిగి వెళ్ళిన రాత్రుల గురించి చెప్పారు. బట్టలు మార్చుకోవడానికి బడి గది దొరికితే అదృష్టం, లేకపోతే నాలుగు గుంజలకు కట్టిన పట్టా చాటు. మరుగుదొడ్డి సంగతి అడగనే అక్కర్లేదు. రాత్రంతా దాహం వేసినా నీళ్ళు తక్కువ తాగడం వాళ్ళకు అలవాటైపోయింది. గొంతు మీద బతికేవాళ్ళు గొంతు తడుపుకోవడానికి వెనకాడవలసి రావడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

ఈ స్థితికి కారణం పేదరికం ఒక్కటే అనుకుంటే పొరపాటు. దీని వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1899లో వేదం వేంకటరాయ శాస్త్రి గారు నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించారు. 'ప్రతాపరుద్రీయం'లో చాకలి పేరిగాడి చేత అతని భాషే మాట్లాడించిన నాటకకర్త ఆయన. పాత్రకు తగిన భాష ఉండాలన్న వాదం మన రంగస్థలానికి పెద్ద మేలు చేసింది. కానీ పాత్రకు తగిన మనిషి ఉండాలన్న వాదం స్త్రీ పాత్రల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తోచలేదు. చదువుకున్నవాళ్ళు నడిపిన ఆనాటి నాటక సమాజాల్లో స్త్రీ వేషాలు పురుషులే వేసేవారు. ఆ తరవాతి కాలంలో సత్యభామ, చింతామణి, మధురవాణి పాత్రలతో స్థానం నరసింహారావు గారు సాటిలేని పేరు తెచ్చుకున్నారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్త్రీ నడకను, చూపును, కోపాన్ని పురుషుడు అభినయిస్తే అది కళ అయింది. అదే చింతామణి వేషం స్త్రీ వేస్తే ఆమె నడవడి గురించి ఊరంతా మాట్లాడుకుంది. వేషం ఒకటే అయినా, దానికి దొరికిన విలువ వేసినవారు ఆడా మగా అన్నదాన్ని బట్టి మారిపోయింది.

దీన్ని ఎదిరించినవాళ్ళు లేకపోలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్ళారి రాఘవ గారు పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు ఆయన సరసన వేదిక ఎక్కారు. అంతకు చాలా ముందే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడపిల్లలు పుట్టిన దగ్గర నుంచీ వేదిక మీదే పెరిగారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల మనిషే. నాటకరంగం నుంచి సినిమాకు వెళ్ళిన దాసరి కోటిరత్నం 1935లో 'సతీ సక్కుబాయి' నిర్మాతగా నిలబడింది. పసుపులేటి కన్నాంబ చంద్రమతిగా మొదట మెప్పించింది నాటకాల్లోనే. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. చదువుకున్న కుటుంబాల నుంచి వచ్చిన స్త్రీల ధైర్యాన్ని సంస్కరణ అన్నారు. సురభిలోనూ, కళావంతుల కుటుంబాల్లోనూ తరతరాలుగా పాడుతూ ఆడుతూ సంసారాలు పోషించిన స్త్రీలది మాత్రం కులవృత్తి అని వదిలేశారు.

కళావంతుల విషయంలో సంస్కరణ ఏం చేసిందో కూడా మనం నిదానంగా ఆలోచించాలి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించింది. అది అవసరమైన పనే. అంకితమైన స్త్రీలకు పెళ్ళి చేసుకునే హక్కునూ గుర్తించింది. దాంతోపాటు ఆ స్త్రీలు గుళ్ళలో, ఊరేగింపుల్లో, దేవుడి ఉత్సవాల్లో నృత్యం చేయడం కూడా చట్టవిరుద్ధమైంది. దోపిడిని ఆపే చట్టమే వాళ్ళ చేతిలో ఉన్న విద్యను కూడా నేరం చేసింది. ఆ విద్య మీద బతికిన స్త్రీ రేపు ఏం తిని బతకాలి అన్న ప్రశ్నకు మాత్రం ఆ చట్టంలో జవాబు లేదు. అదే నృత్యం తరవాత పెద్ద కుటుంబాల పిల్లలు నేర్చుకునే శాస్త్రీయ కళగా సభల్లో గౌరవం పొందింది. సంగీతం, అభినయం తెలిసిన కళావంతుల స్త్రీలకు నాటకాలు, గ్రామఫోను రికార్డులు, తొలినాటి సినిమాలు కొంత దారి చూపాయి. ఆ దారిలోకి వచ్చినా వాళ్ళ పుట్టుకను ఎత్తిచూపడం ఆగలేదు.

ఇది పాత కథ అని తీసెయ్యడానికి లేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటక ప్రదర్శనను నిషేధించింది. వేశ్యా లోలత్వాన్ని ఖండించడానికి కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన నాటకం అది. 'వరవిక్రయం'లో కట్నాలను, 'మధుసేవ'లో తాగుడును ఎదిరించిన రచయిత ఆయనే. ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి పాత్రను ద్వంద్వార్థాల హాస్యంగా మార్చేశారు, దాంతో తమ కులానికి అవమానం జరుగుతోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఏ కులాన్నైనా హేళన చేయడం తప్పే, అందులో నాకు సందేహం లేదు. నన్ను బాధించింది వేరే విషయం. ఒక కులం గౌరవం గురించి చర్చ జరిగింది, రచయిత ఉద్దేశం గురించి జరిగింది, భావప్రకటన స్వేచ్ఛ గురించీ జరిగింది. కళాకారుల బతుకుతెరువు పోతుందన్న మాట హైకోర్టు దాకా వెళ్ళింది. అయితే ఆ బూతు మాటలన్నీ ఏళ్ళ తరబడి ఎవరి ముఖం మీద పడ్డాయి? చింతామణి వేషంలో ఉన్న స్త్రీ మీద కాదా? అసలు నాటకంలో లేని మాటలు ఆమె అనుమతి లేకుండా వేదిక మీద కల్పించి అంటుంటే నవ్వుతూ నిలబడక తప్పని ఆ పరిస్థితిని పనిచేసే చోట వేధింపు అని ఎవరూ అనలేదు. నాటకం ఆడుతున్నప్పుడు ఆమె గౌరవం లెక్కలోకి రాలేదు, నాటకం ఆపినప్పుడు ఆమె కూలి లెక్కలోకి రాలేదు.

మహారాష్ట్రలో 2005లో డాన్సు బార్లను మూసేసినప్పుడు కూడా స్త్రీల గౌరవం పేరే చెప్పారు. ఆ స్త్రీలు సంఘంగా ఏర్పడి న్యాయస్థానాల దాకా వెళ్ళారు. బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. వాళ్ళ ఉపాధి హక్కు అక్కడ ప్రధానాంశమైంది. పద్యనాటక కళాకారిణి తాను రికార్డింగ్ డాన్సు స్త్రీ వంటిదాన్ని కానని చెప్పుకోవలసి రావడం నేను చాలాసార్లు చూశాను. ఆ తాపత్రయం నాకు అర్థమవుతుంది. ఆమెకు ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకాలి, కూతురికి పెళ్ళి కావాలి. కానీ మనం ఆ గీతను గట్టిపరచకూడదు. మంచి కళాకారిణులకే హక్కులు అన్నామంటే, ఎవరు మంచివాళ్ళో తేల్చే అధికారం మళ్ళీ ఊరి పెద్దల చేతికే పోతుంది.

ఇక తీరంలో పని దినాల సంగతి. సంక్రాంతి, శివరాత్రి నుంచి ఎండాకాలం చివరి దాకా కాస్త చేతి నిండా పని ఉంటుంది. వినాయక చవితికి, దసరాకు కొన్ని నాటకాలు దొరుకుతాయి. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరంలో వానలు, తుఫాన్లు. ఆరుబయట పందిరి వేసే మాటే ఉండదు. ఇదే తీరంలో చేపల వేట మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులకు వేటకు వెళ్ళే మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు. మత్స్యకారులు పోరాడి సాధించుకున్న న్యాయమైన హక్కు అది. పని లేని కాలానికి ఆసరా ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా! కుప్పం తిరునాళ్ళలో పాడే స్త్రీకి ఆ సూత్రం ఎందుకు వర్తించదు? 2020లో కరోనా వల్ల తిరునాళ్ళు ఆగిపోయినప్పుడు, సీజను మొత్తం పోయిన ఈ స్త్రీలు ఇళ్ళలో పాచిపనికి, పొలాల్లో కూలికి వెళ్ళారు. కొందరు తిరిగి వేదిక ఎక్కలేదు.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి. అరవై దాటిన హరిశ్చంద్రుడికి చప్పట్లు కొట్టే జనం, నలభై దాటిన చంద్రమతిని ఒప్పుకోరు. గొంతులో పద్యం నిండుగా పలికే వయసుకు ఆమెకు పాత్రలు తగ్గిపోతాయి. చంద్రమతి వేసినామె కాలకౌశికుడి భార్య వేషానికి, చింతామణి వేసినామె తల్లి శ్రీహరి వేషానికి దిగుతుంది, దాంతోపాటే రేటూ దిగుతుంది. ఆ తరవాత ఆసరా ఏమిటి? ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్లలో కళాకారులకూ చోటుంది, 2024 జూలై నుంచి ఆ మొత్తం నెలకు 4,000 రూపాయలు. కేంద్ర సాంస్కృతిక శాఖకు అరవై దాటిన పేద కళాకారుల కోసం వేరే పథకం ఉంది. పథకాలు ఉన్నాయి, కానీ ఆధారాలు అడుగుతారు. ఎన్నేళ్ళు పాడిందో, ఎక్కడ పాడిందో కాగితం చూపాలి. ఆమె దగ్గర ఉండేదల్లా నాటకం కరపత్రాలు. వాటి మీద మగ నటుల పేర్లు బిరుదులతో పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఆమె పేరు అడుగున ఇంటిపేరు లేకుండా, ఒక్కోసారి తప్పుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళ పనికి ఆమె సర్వీసు రికార్డు ఆ కరపత్రమే. వానకు తడిసి అది కూడా పోతే ఆమె కళాకారిణి అని నిరూపించే దారి లేదు.

ఈ మధ్య కొత్త దోపిడి ఒకటి వచ్చింది. ఊళ్ళో నాటకాన్ని ఎవరో వీడియో తీసి యూట్యూబులో పెడతారు. లక్షల మంది చూస్తారు, డబ్బు పెట్టినవాడికి వెళుతుంది. పాడిన స్త్రీకి ఆ సంగతే తెలియదు. కింద ఆమె ఒంటి గురించి వ్యాఖ్యలు రాసినప్పుడు మాత్రం పిల్లల ఫోనులో తెలుస్తుంది. కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది, 2012 సవరణ దాన్ని ఇంకా బలపరిచింది. అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోకూడదు. ఇది నాది అని తన పేరు వేయించుకునే హక్కు ప్రదర్శకురాలికి ఉంది. ఈ మాట ఆమెకు చెప్పినవాళ్ళు ఎంతమంది?

మన ఉద్యమాలు ఈ గొంతులకు ఎంతో రుణపడి ఉన్నాయి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు ఊరూరా కళాజాతాలు తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు చూసిన స్త్రీలు రాత్రి బడుల్లో కూచుని తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించిన కథ వాచకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1992లో జిల్లా అంతటా సారా వేలం పాటలను స్త్రీలు అడ్డుకున్నారు, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అంతకు ముందు నలభైల్లో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం గారు స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు పాటలతో, నాటకాలతో ఊళ్ళు తిరిగారు. ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు పాట ప్రభావం గురించి ఒక వాక్యం రాస్తాం. ఆ పాట పాడినామె ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో రాయం. ఎయిడ్సు, పారిశుద్ధ్యం, బాల్యవివాహాలు - ఏ ప్రచారానికైనా స్వచ్ఛంద సంస్థలు కళాబృందాలను పిలుస్తూనే ఉన్నాయి. బడ్జెట్టులో భోజనాలకు, బ్యానర్లకు పద్దు ఉంటుంది, కళాకారిణికి మాత్రం ఎంతో కొంత చేతిలో పెట్టడం మామూలైంది. ఆ పద్ధతి ముందు మన సంస్థల్లోనే మారాలి.

మరి ఏం చేయాలి? కొన్ని పనులు ప్రభుత్వం చేయాలి, కొన్ని మనమే మొదలుపెట్టవచ్చు.

నాటకం కుదిర్చే ప్రతి కాంట్రాక్టరూ ఒక్క పేజీ కాగితం రాసి ఇవ్వాలి. ఎంత ఇస్తారు, రానూపోనూ చార్జీలు ఎవరివి, ఆగిపోతే ఎంత ఇస్తారు, గది, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నవి అందులో ఉండాలి. నమూనా కాగితం మన సంస్థలే తయారుచేసి పంచవచ్చు. తిరునాళ్ళకు అనుమతి ఇచ్చే పంచాయతీలూ, పోలీసులూ ఈ కాగితం అడిగేట్టు చేయాలి.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. పదిమంది కన్నా తక్కువమంది పనిచేసే చోట్ల వాళ్ళూ, అసంఘటిత రంగంలోని స్త్రీలూ ఆ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. మలయాళ సినిమా స్త్రీల స్థితిగతులపై హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చాక దేశమంతా చర్చ జరిగింది. పల్లెటూరి వేదిక మీద పనిచేసే స్త్రీ గురించి అటువంటి విచారణ ఒక్కటీ నా దృష్టికి రాలేదు. కనీసం కమిటీ చిరునామా, ఫోను నంబరు ప్రతి కళాకారిణి చేతికీ చేర్చుదాం.

2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో వీళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూద్దాం. ఉంటే వృత్తి దగ్గర కూలీ అని రాశారా, రంగస్థల కళాకారిణి అని రాశారా అన్నదీ చూద్దాం. లెక్కలో లేని పనికి హక్కు అడగడం ఎంత కష్టమో మనకు తెలుసు.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. మీ మండలంలో నాటకాలు ఆడే స్త్రీలను వెతకండి. వాళ్ళ దగ్గరున్న కరపత్రాలు, ఫోటోలు, సన్మాన పత్రాలు నకళ్ళు తీయించి, తారీఖుల వారీగా ఒక్కొక్కరికీ ఒక ఫైలు తయారుచేసి వాళ్ళ చేతికే ఇవ్వండి. పింఛను దరఖాస్తుకు అది పనికొస్తుంది. వాళ్ళు పది మంది ఒకచోట చేరితే ఆ ఫైళ్ళే రేపటి సంఘానికి మొదటి సభ్యత్వ పుస్తకం అవుతాయి. వచ్చే సంక్రాంతికి సీజను మొదలయ్యే లోపు ఈ పని ఎన్ని ఊళ్ళలో జరిగిందో మాకు రాయండి. మీరు పంపిన వివరాలు వాళ్ళ అనుమతితో ఈ పేజీల్లోనే ప్రచురిస్తాం.